కాన్పు గదిలో కొలత

కాన్పు తర్వాత తల్లికి కొంత రక్తం పోవడం సహజమే. అది 500 మిల్లీలీటర్లు దాటితే మాత్రం అధిక రక్తస్రావంగా లెక్కిస్తారు. ప్రపంచంలో ప్రసూతి మరణాలకు ఇది ప్రధాన కారణం. బిడ్డ ఏడుపు విని ఇంటిల్లిపాదీ సంతోషంలో మునిగిన గంటలోనే ఈ ముప్పు వచ్చిపడవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు మీ ముందుంచుతున్నాము.

మాయ పడిపోయాక గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. ఆ బిగింపుతోనే తెరిచివున్న రక్తనాళాలు మూసుకుంటాయి. సంచి మెత్తగా ఉండిపోతే రక్తం ఆగదు. దీనికి మందులున్నాయి. చిక్కల్లా గుర్తించడంలో జరిగే ఆలస్యమే. పోయిన రక్తాన్ని కంటితో చూసి అంచనా వేయడం చాలాచోట్ల అలవాటు. గుడ్డల్లో ఇంకినదెంతో, పక్కమీద పడినదెంతో ఎవరికి తెలుస్తుంది? అంచనా వేరు, కొలత వేరని బడిలో పిల్లలకు మేము చెప్పే పాఠం ఇక్కడ ప్రాణాలకే సంబంధించినది.

కర్ణాటకలోని బెళగావిలో పరిశోధకులు తల్లి కింద పరిచే ప్లాస్టిక్ షీటుకు గీతలున్న సంచిని అమర్చి రక్తాన్ని కొలిచారు. కంటి అంచనా అసలు కొలత కంటే 33 శాతం తక్కువగా ఉందని 2006లో ప్రకటించారు.

ఇలాంటి షీటుతోనే కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆస్పత్రుల్లో రెండు లక్షల మందికి పైగా తల్లులపై 'ఈ-మోటివ్' పరిశోధన జరిగింది. రక్తం హద్దు దాటగానే గర్భసంచిని మర్దన చేయడం, అది ముడుచుకునే మందు, రక్తస్రావం తగ్గించే ట్రనెక్సామిక్ ఆమ్లం, సెలైన్ ఇవ్వడం, కారణం పరీక్షించడం అన్నీ వెంటవెంటనే చేశారు. ఒకటి ఫలించలేదని తేలాక మరొకటి మొదలుపెట్టే పాత పద్ధతి మానుకున్నారు. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోసి చేసే ఆపరేషన్, మరణం కలిపి చూస్తే మామూలు పద్ధతిలో 4.3 శాతం కాగా, కొత్త పద్ధతిలో 1.6 శాతమే.

ఇక్కడ ఖరీదైన యంత్రమేదీ లేదు. ఉన్నది ఒక షీటు, కొన్ని మందులు, తల్లి పక్కనే నిలబడి వెంటనే కదిలే శిక్షణ పొందిన మిడ్‌వైఫ్. తెలంగాణ 2017లోనే నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం దేశమంతటికీ 18 నెలల శిక్షణతో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇంటివారి వంతూ ఉంది. దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అలాంటి తల్లి కొద్దిపాటి రక్తం పోయినా తట్టుకోలేదు. నెలలు నిండకముందే రక్తపరీక్ష చేయించాలి, ఐరన్ మాత్రలు మానకుండా చూడాలి. చిల్లా నలభై రోజుల్లోనూ గుడ్డలు త్వరత్వరగా తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా ఇంటి వైద్యంతో పొద్దుపుచ్చకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.