ఎడారిలో తాబేలుకి జలుబు చేస్తే...

"నాన్నా, బుజ్జిగాడు ఒకపక్కకి ఒరిగిపోయాడు చూడు!"

మే నెలలో ఒక శుక్రవారం ఉదయం మా చిన్నమ్మాయి పెట్టిన కేక ఇది. బయట ఎండ 40 డిగ్రీలు దాటింది. హాల్లో ఏసీ 19లో ఉంది. దాని కిందే గాజు తొట్టి, తొట్టిలో మా బుజ్జిగాడు. అరచేతి కంటే కాస్త పెద్ద తాబేలు. ఎప్పుడూ బుడుంగున మునిగి అడుగుకి వెళ్ళేవాడు, ఆ రోజు పడవ ఒకవైపు బరువెక్కినట్టు వాలి తేలుతున్నాడు. ముక్కు దగ్గర సబ్బు నురగలాంటి బుడగలు. రెండు రోజులుగా తిండి కూడా ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. ఒక్క చూపు చూసి, "జలుబు చేసిందయ్యా దానికి, ఆవిరి పట్టండి" అన్నారు. మేమంతా నవ్వాం. ఆవిరి మాట పక్కన పెడితే, రోగం పేరు మాత్రం ఆవిడ సరిగ్గానే చెప్పారని మర్నాడు డాక్టరు దగ్గర తెలిసింది. అది ఊపిరితిత్తులకి పట్టిన ఇన్‌ఫెక్షన్. ముదిరితే న్యుమోనియా.

ఈ ఎడారి దేశంలో జలుబేమిటి అని మీకూ అనిపించవచ్చు. తొట్టిలో థర్మామీటరు పెట్టి చూస్తే 20 డిగ్రీలు! కొన్నప్పుడు షాపతను "ఇది వేడి దేశం, హీటరెందుకు" అన్నాడు. మేమూ తలూపి వచ్చేశాం. మనం బతికేది బహ్రెయిన్ ఎండలో కాదు, బహ్రెయిన్ ఏసీలో. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏసీ కట్టేసినా, రాత్రిపూట ఫ్లాట్లలో నీళ్ళు చల్లబడతాయి. అంటే మన ఇళ్ళల్లో తాబేలుకి రెండు చలికాలాలన్నమాట.

పిల్లలూ, మనకి చలేస్తే ఒళ్ళు తనంతట తనే వేడి పుట్టించుకుంటుంది. తాబేలు అలా చేయలేదు. చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒంట్లోనూ దాదాపు అంతే. ఒళ్ళు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, రోగంతో పోరాడే శక్తీ తగ్గిపోతుంది. ఇంకో చిక్కు ఉంది. ఊపిరితిత్తులు దాని పై డిప్పకి లోపలివైపు, వీపు కింద ఉంటాయి. మనకున్నట్టు డయాఫ్రం కండరం లేదు కాబట్టి అది మనలా దగ్గలేదు. లోపల చేరిన కఫం అక్కడే పేరుకుంటుంది. ఒక ఊపిరితిత్తి నీరు పట్టి బరువెక్కిందా, ఈదేటప్పుడు ఒరిగిపోతుంది. బుజ్జిగాడికి జరిగింది అదే. అయితే కడుపులో గాలి పట్టినా ఇలాగే ఒరగవచ్చట, అందుకే ఎక్స్‌రే తప్పనిసరి అన్నారు డాక్టరు.

నీళ్ళలోంచి తల ఎత్తినప్పుడు ఒకటి రెండు బుడగలు వస్తే కంగారు పడక్కర్లేదు. అదే పనిగా ముక్కులోంచో నోట్లోంచో బుడగలు, జిగురు వస్తున్నా, మెడ చాచి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఊపిరిలో ఈల లాంటి చప్పుడు వినిపించినా, మాటిమాటికీ ఆవులిస్తున్నా అనుమానించాలి. కళ్ళు ఉబ్బి మూసుకుపోవడం, నీళ్ళలోకి దిగకుండా రోజంతా రాతి మీదే ఉండిపోవడం, తిండి మానేయడం కూడా జబ్బు గుర్తులే. నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే "రేపు చూద్దాం" అనుకోవద్దు, ఆ రోజే తీసుకెళ్ళండి.

సరీసృపాలను చూసే పశువైద్యుడు ఎవరో ముందుగానే ఫోన్ చేసి కనుక్కోండి, కుక్కల్నీ పిల్లుల్నీ చూసే అందరూ వీటిని చూడరు. మేం రెండు చోట్ల తిరిగి మూడో చోట కుదిరాం. గాలి రంధ్రాలున్న డబ్బాలో తడి గుడ్డ పరిచి, నీళ్ళు లేకుండా తీసుకెళ్ళాలి. కారులో ఏసీ గాలి నేరుగా తగలకూడదు. దారిలో కోల్డ్ స్టోర్ దగ్గర ఆగి తాబేలుని మాత్రం కారులో వదిలేయకండి. మన వేసవిలో కొద్ది నిమిషాలు చాలు ప్రాణం పోవడానికి.

బుజ్జిగాడికి ముందుకాలి కండరంలో యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. వెనక కాలికి ఇస్తే ఆ రక్తం ముందుగా కిడ్నీల గుండా వెళ్ళే దారి ఉందట, అందుకని ముందుకాలు. మూడు రోజులకొకటి చొప్పున వారాల తరబడి సాగింది. తాబేలుకి నడకే కాదు, కోలుకోవడమూ నెమ్మదే. రెండు ఇంజెక్షన్లకే హుషారు వచ్చిందని మానేద్దామనుకున్నాం కానీ డాక్టరు ఒప్పుకోలేదు. ఇంట్లో మిగిలిన పిల్లల అమాక్సిసిలిన్ సిరప్, విక్స్, పసుపు నీళ్ళు... ఇవేవీ వద్దని గట్టిగా చెప్పారు. (మా అత్తగారు పసుపు డబ్బా తీసే ఉంచారు.)

ఇంట్లో మేం చేయాల్సింది వేడి చూసుకోవడమే. నీళ్ళని రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచి 28 దగ్గర నిలబెట్టాం. నీరసంగా ఉన్న తాబేలు లోతు నీళ్ళలో మునిగి చనిపోగలదు, అందుకని డిప్ప మునిగేంత నీళ్ళే ఉంచాం. ఎక్కి ఆరడానికి రాయి, దాని మీద 32 డిగ్రీల వేడినిచ్చే బల్బు. యూవీబీ దీపం విడిగా పెట్టాలి. కిటికీ గాజు గుండా వచ్చే ఎండ చూడ్డానికి బాగుంటుంది కానీ అందులో యూవీబీ దాదాపు ఉండదు. మామూలు రోజుల్లో 24 నుంచి 27 డిగ్రీల నీళ్ళు చాలు.

తిండి సంగతి కూడా బయటపడింది. మేం పెట్టేది ఎండు రొయ్యలు, అప్పుడప్పుడు ఐస్‌బర్గ్ లెట్యూస్. విటమిన్ ఏ తగ్గితే కళ్ళు ఉబ్బుతాయి, ముక్కు, ఊపిరి గొట్టాల లోపలి పొర దెబ్బతిని క్రిములకి దారి దొరుకుతుంది. ఇప్పుడు తాబేళ్ళ గుళికలు, క్యారెట్ తురుము, ముదురు ఆకుకూరలు పెడుతున్నాం. విటమిన్ చుక్కలు సొంతంగా వేయకండి, ఎక్కువైతే చర్మం ఊడిపోతుంది.

తాబేళ్ళు సాల్మొనెల్లా మోయగలవు. అమెరికా 1975లోనే 4 అంగుళాల కంటే చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించింది, పిల్లలకి జబ్బు చేస్తోందనే. కాబట్టి తాబేలుకి ముద్దులు వద్దు, వంటింటి సింకులో తొట్టి కడగొద్దు, పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

బుజ్జిగాడు రెడ్ ఇయర్డ్ స్లైడర్, అమెరికా నదుల జాతి. బహ్రెయిన్‌కి సొంత తాబేలు ఉందని తెలుసా? కాస్పియన్ తాబేలు ఇక్కడి మంచినీటి ఊటల్లో, పొలాల కాలువల్లో బతికేది. "అధారి ఊట దూరానికి నీళ్ళిచ్చి దగ్గరివాళ్ళని మరిచిపోతుంది" అని ఇక్కడివాళ్ళ సామెత. ఆ ఊటలు చాలావరకు ఎండిపోయాయి. మిగిలిన కొద్దిపాటి నీళ్ళలో మన స్లైడర్లని వదిలితే స్థానిక తాబేలుకి తిండి, చోటు రెండూ పోతాయి, జబ్బులూ అంటుకోవచ్చు. దేశం వదిలి వెళ్ళేటప్పుడు "పాపం, స్వేచ్ఛగా బతుకుతుంది" అని కాలువలో వదలకండి. ఇంకో కుటుంబానికి ఇవ్వండి. స్లైడరు 20, 30 ఏళ్ళు బతకగలదు, మన వీసాల కంటే ఎక్కువ కాలం! ఊరి నుంచి తెచ్చుకోవాలన్న ఆలోచన అసలే వద్దు. శ్రీకూర్మం గుడి ఆవరణలో మన పిల్లలు చూసి మురిసిపోయే నక్షత్ర తాబేళ్ళని పట్టడం, అమ్మడం మన దేశంలో నేరం. 2019లో అంతర్జాతీయ వ్యాపారం నుంచి కూడా వాటికి అత్యున్నత రక్షణ ఇచ్చారు.

ఆరు వారాలకి బుజ్జిగాడు సమంగా ఈదడం మొదలుపెట్టాడు. తొట్టి ఏసీ కింద నుంచి ఎదురు గోడకి మారింది. ఈ జూలైలో మేం సెలవులకి వెళ్తే కింది ఫ్లాటు ఆంటీ చూసుకుంటానన్నారు. మా చిన్నమ్మాయి అప్పుడే ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించింది: "ఆంటీ, నీళ్ళు 24 కంటే తగ్గితే మాకు ఫోన్ చెయ్యండి. అర్ధరాత్రి అయినా పర్లేదు."