ఏఏ మీటింగ్‌కి వెళ్ళడం ఎలా?

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. తాగుడు మానాలనుకునేవాళ్ళు వారం వారం కలిసి కూర్చుని మాట్లాడుకునే గ్రూపు. పోయినేడాది దాకా ఇది నాకు ఇంగ్లీష్ సినిమాల్లో సీన్ మాత్రమే. మా మామయ్య కోసం వెతకాల్సి వచ్చాక తెలిసింది, హైదరాబాద్‌లో తెలుగులో జరిగే మీటింగులు కూడా ఉన్నాయని. నా పేరు పెట్టకుండా రాసుకోరా అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను. నెట్‌లో ఒక అడ్రస్ దొరికింది. శనివారం సాయంత్రం ఏడింటికి, ఒక స్కూల్ గదిలో. మామయ్యని బైక్ మీద ఎక్కించుకుని వెళ్ళాను. గదికి తాళం. "వాళ్ళు ఇక్కడ మానేసి చాన్నాళ్ళయింది బాబూ" అన్నాడు వాచ్‌మన్. తిరుగు దారంతా మామయ్య ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి మళ్ళీ తాగాడు. ఒక మనిషి "సరే, వస్తా" అనడానికి మా ఇంట్లో ఆరేళ్ళు పట్టింది. అది ఒక పాత వెబ్ పేజీ వల్ల పోయేలా ఉండింది.

కాబట్టి లిస్టులో గ్రూపు కనిపించగానే బయల్దేరకండి. అక్కడ ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి రోజు, టైమ్, భాష, చోటు అన్నీ అడగండి. ఫోన్ ఎత్తేది జీతం తీసుకునే ఉద్యోగి కాదు, ఒకప్పుడు తాగి మానేసిన మనిషే. నేను గడగడా అంతా చెప్పేస్తుంటే ఆయన మెల్లగా "ఫోన్ ఆయనకి ఇస్తారా?" అన్నారు. తలుపు దగ్గరకి వేసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. నాకు వినపడింది మామయ్య "ఊ... ఊ..." అనడం, చివర్లో ఒక చిన్న నవ్వు. మర్నాడు గేటు దగ్గరే నిలబడి తీసుకెళ్తామన్నారు, అలాగే నిలబడ్డారు.

మీటింగులు రెండు రకాలు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్ళకే. ఓపెన్ మీటింగ్‌కి ఇంట్లోవాళ్ళూ, తెలుసుకోవాలనుకునే మనలాంటివాళ్ళూ వెళ్ళొచ్చు. నేను వెళ్ళింది ఓపెన్‌కే.

మామయ్యకి ఒక భయం ఉండేది. "చర్చి ఆవరణలోనా? మతం మార్చేస్తారేమోరా!" ఆ గది అద్దెకి తీసుకున్నది మాత్రమే. ఏఏ ఏ మతానికీ చెందదు. కానీ వాళ్ళ పన్నెండు మెట్లలో దేవుడి మాట చాలాసార్లు వస్తుంది, "మీకు అర్థమైన దేవుడు" అంటారు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. మామయ్య మాత్రం అది పట్టించుకోలేదు.

ఫీజు లేదు, ఆధార్ అడగరు. చివర్లో ఒక డబ్బా తిరుగుతుంది, ఇష్టమైతే సభ్యులు పదో పరకో వేస్తారు. బయటివాళ్ళ విరాళాలు తీసుకోరు. చేరడానికి అర్హత ఒక్కటే: తాగుడు మానాలన్న కోరిక. పైన బాస్ ఎవరూ ఉండరు, ఏ గ్రూపు పని ఆ గ్రూపే చూసుకుంటుంది. సెంట్రల్ సర్వర్ లేని నెట్‌వర్క్ అనుకోండి.

లోపల ఒక్కొక్కరూ పేరు చెప్పి తమ కథ చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. మాట్లాడటం ఇష్టం లేకపోతే "ఈరోజు వింటాను" అంటే చాలు. అక్కడ విన్నది బయట చెప్పకూడదు కాబట్టి చెప్పను. మామయ్య రెండు వారాలు విన్నాడు, మూడో వారం పేరు చెప్పాడు.

ఇది ఎందుకు పనిచేస్తుందో దాని పుట్టుకలోనే ఉంది. 1935లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్ పని మీద అమెరికాలోని ఏక్రన్ వెళ్ళాడు. ఆ పని చెడింది. హోటల్ లాబీలో ఒక పక్క బార్, ఇంకో పక్క టెలిఫోన్. తాను తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి అనిపించి, చర్చిలకి వరసగా ఫోన్లు చేశాడు. అలా డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. పావుగంటే కూర్చుంటానన్న డాక్టర్ గంటల తరబడి కూర్చున్నాడు. అంటే ఫోన్ చేసినవాడు సాయం చేయడానికి కాదు, తను బతకడానికి చేశాడు. మామయ్యతో ఇరవై నిమిషాలు మాట్లాడినాయన కూడా అంతేనట.

సైన్స్ ఏమంటుందని అడుగుతారు కదా. 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 27 పరిశోధనలని కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండటంలో, ఏఏ వైపు నడిపించే పద్ధతి ప్రకారం చేసిన చికిత్స మిగతా కౌన్సెలింగ్ పద్ధతుల కంటే మెరుగ్గా ఉందని తేల్చింది. కానీ ఏఏ ఆసుపత్రి కాదు. రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. ముందు డాక్టర్‌ని కలవాలి. మేం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్ళాకే మీటింగులు మొదలుపెట్టాం. దారి తెలియకపోతే 14446కి చేయండి, కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

ఇంట్లోవాళ్ళకి ఆల్-అనాన్ అని వేరే ఉంది, 1951లో బిల్ భార్య లోయిస్, ఇంకొకావిడ కలిసి మొదలుపెట్టారు. అత్తయ్య వెళ్తోంది. మామయ్య కంటే ముందు ఆవిడ ముఖం తేరుకుంది.

నాలుగో నెలలో ఒక పెళ్ళిలో మామయ్య తాగేశాడు. అయిపోయింది అనుకున్నాం. తర్వాతి మీటింగ్‌కి నన్ను రావద్దని ఒక్కడే వెళ్ళి, మళ్ళీ మొదటి రోజు అని చెప్పి వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదట, చప్పట్లు కొట్టారట.

ఈ వారం అక్కడ టీ పెట్టే డ్యూటీ ఆయనది. ఇంట్లో ఎన్నడూ స్టవ్ వెలిగించని మనిషి, నిన్న ఫోన్ చేసి అమ్మని అడుగుతున్నాడు, "అక్కా, ఇరవై మందికి పాలు ఎన్ని లీటర్లు పడతాయి?"