గోల్ఫు బంతికి గుంటలేల?

బాలలారా, గోల్ఫు బంతిని చేతఁ బట్టి చూచినచో దాని మేనినిండ మూడు నాలుగు వందల చిన్న గుంటలు కనఁబడును. నున్నని బంతియే దూరము పోవునని తోఁచును గాని, సత్యము దానికి విపరీతము. 19వ శతాబ్దపు నడుమ స్కాట్లండులో గట్టాపెర్చా యను వృక్షనిర్యాసముతో నున్నని బంతులు చేసి యాడినవారు, దెబ్బలు తిని గీఁతలు పడిన పాత బంతులే క్రొత్తవానికంటె తిన్నగాఁ బోవుట చూచి విస్మయమంది, పిమ్మట సుత్తితోఁ గావలెననియే నొక్కులు పెట్టఁజొచ్చిరి. ఏలయనఁగా, గుంటలచేఁ గలఁత నొందిన గాలిపొర బంతి వెనుకవైపున మఱికొంత దూరము దాని నంటియుండుటచేత, వెనుక నేర్పడు సుడుల బాట సన్నగిల్లి, బంతిని వెనుకకు లాగు బలము సుమారు సగమగును. ఎంత చక్కని విషయము!

ఇఁక బంతి నెన్నుకొనుటకు వచ్చినచో, క్రొత్తగా నేర్చువారికి రబ్బరు గర్భమును, అయనోమరు అను గట్టి ప్లాస్టికు తొడుగును గల రెండు పొరల బంతి చాలును. అది చౌక, మన్నికైనది. తన చుట్టుఁ దాను తక్కువగాఁ దిరుగును గావున దెబ్బ వంకరగాఁ దగిలినను అంతగాఁ బ్రక్కకుఁ బోదు. యురెథేను అను మెత్తని ప్లాస్టికు తొడుగు గల ప్రియమైన బంతి నిపుణుని దెబ్బకు పచ్చికపైఁ జటుక్కున నిలుచును గాని, నేర్చువాని తప్పును మఱింత పెంచును. ఆట నియమముల ప్రకారము బంతి యేదైనను బరువు 45.93 గ్రాములకు మించరాదు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకుఁ దగ్గరాదు.