ఆటల కంప్యూటరు - ఇల్లాలి లెక్క



ఇవాళ పచ్చళ్ల సంగతీ, పిల్లల దగ్గుల సంగతీ కాసేపు పక్కన పెట్టి కంప్యూటరు సంగతి మాట్లాడుకుందాం. అందులోనూ ఆటలాడుకునే కంప్యూటరు. "అదంతా మగవాళ్లూ పిల్లలూ చూసుకునే వ్యవహారం, మనకెందుకమ్మా?" అనకండి. ఫ్రిజ్ కొనాలంటే పదిచోట్ల విచారించే మనం, దానికి రెండింతలో మూడింతలో ఖరీదు చేసే వస్తువు దగ్గర మాత్రం నోరు మూసుకుని డబ్బు చేతిలో పెట్టేస్తే ఎలా చెప్పండి?

మాది నాచారం. పోయిన పరీక్షలప్పుడు, "ఇంటర్ బాగా పాసైతే కంప్యూటరు కొనిపెడతాను" అని మా అబ్బాయికి నేనే మాటిచ్చాను. వాడు తన మాట నిలబెట్టుకున్నాడు. ఇక నా వంతు. చేతిలో చిట్టీ పాడిన డబ్బు 65,000 రూపాయలున్నాయి. వాడొక దుకాణం నుంచి కొటేషన్ పట్టుకొచ్చాడు. మావారు దాన్ని చూడనైనా చూడకుండా "ఆటలకు ఇన్ని వేలా?" అని కోప్పడ్డారు. వాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మధ్యలో ఆ కాగితం, దాని ముందు నేను! కిరాణా చీటీలో పావుకిలో తేడా వచ్చినా పట్టేసే నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు.

నా భయానికి కారణం కూడా ఉంది. ఉప్పల్లో ఉండే మా ఆడపడుచు కొడుక్కి రంగురంగుల దీపాల కంప్యూటరు కొనిచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2024 మే నెలలో ఒక మధ్యాహ్నం 'టప్పు'మని శబ్దం, కాలిన వాసన. లోపల కరెంటు అందించే డబ్బా కాలిపోతూ, తనతో పాటు మదర్‌బోర్డునూ తీసుకుపోయింది. కొన్నచోటికి వెళ్లి అడిగితే "బిల్లు ఏదండీ?" అన్నారు. బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గుతుందని చెప్పింది కూడా వాళ్లే! పాపం, వదిన దాచుకున్న డబ్బు అలా పొగైపోయింది.

అందుకని పట్టుదలగా కూర్చుని, మా వాడి దగ్గరా, తెలిసినవాళ్ల దగ్గరా ఒక్కొక్కటే అడిగి నేర్చుకున్నాను. నిజానికి మన ఉప్పల్, నాచారం వాళ్లం కంప్యూటరంటే బెదరకూడదు సుమండీ. 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. మన పక్కనే ఉంది. మన దేశంలో రూపొందించిన టి.డి.సి. కంప్యూటర్లను 1970 దశకంలో తయారుచేసిన సంస్థ అది. మన అమ్మలు చూసిన ఇ.సి. టీవీలూ వాళ్లవే. ఊరి పొలిమేరలో పుట్టిన వస్తువుకి మనం భయపడటమేమిటి?

ముందుగా ఒక మాట. ఇలాంటి కంప్యూటరును విడిభాగాలు కొని కూర్చుకుంటారు. ముఖ్యమైనవి ఏడే. లెక్కలు చేసేది ప్రాసెసర్. బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. పని జరుగుతున్నంతసేపు సామాను పరుచుకునే గట్టులాంటిది ర్యామ్. సామాను దాచుకునే అలమర ఎస్.ఎస్.డి. అన్నింటినీ కలిపే పలక మదర్‌బోర్డు. కరెంటు అందించేది ఎస్.ఎం.పి.ఎస్. వీటన్నిటినీ పెట్టే పెట్టె క్యాబినెట్. అంతే!

ఇక కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు. "ఏ ఆటలు ఆడతావు నాయనా? ఏ తెర మీద?" అని. వేలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటలైతే మధ్యరకం సామాను చాలు. అవి ఉచితంగా కూడా దొరుకుతాయి. కథల్లాంటి పెద్ద పెద్ద ఆటలకైతే ఎక్కువ బలం కావాలి. తెర కూడా అంతే. సాధారణమైన ఫుల్ హెచ్.డి. తెరకు చాలే కార్డు, అంతకు నాలుగింతలు చుక్కలుండే 4కె తెర మీద చతికిలబడుతుంది. నలుగురికి వంటా, నలభైమందికి వంటా అన్నది తేల్చుకోకుండా బియ్యం కొలవం కదా!

మా వాడి సమాధానం విన్నాక తెర ఖర్చు ఈ ఏడాదికి వాయిదా వేశాం. ఇంట్లో ఉన్న టీవీకే హెచ్.డి.ఎం.ఐ. తీగతో కలుపుకోవచ్చు. టీవీ సెట్టింగుల్లో 'గేమ్ మోడ్' ఉంటే అది పెడితే, మీట నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. అలా మొత్తం డబ్బూ పెట్టెలోని సామానుకే మిగిలింది.

ఇప్పుడు వంద రూపాయలు ఎలా పంచాలో చూద్దాం. ఆటల కంప్యూటరుకి వందలో సుమారు 40 రూపాయలు గ్రాఫిక్స్ కార్డుకు, 25 ప్రాసెసర్‌కూ మదర్‌బోర్డుకూ కలిపి, 22 ర్యామ్‌కూ ఎస్.ఎస్.డి.కీ, మిగిలిన 13 ఎస్.ఎం.పి.ఎస్.కూ క్యాబినెట్‌కూ. ఒక రూపాయి అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మా 65,000లో కార్డు వంతు 26,000 వచ్చింది. ఈ కొలత చేతిలో పెట్టుకుని మా వాడు తెచ్చిన కొటేషన్ చూస్తే గుట్టు బయటపడింది. ఖరీదైన ప్రాసెసర్, ఆరు రంగుల ఫ్యాన్లు, నీటితో చల్లబరిచే కూలర్! కార్డు మాత్రం 2014లో వచ్చిన జి.టి. 730. పెళ్లికి బ్యాండుమేళం ఘనంగా పెట్టి, విస్తట్లో మజ్జిగన్నం వడ్డించినట్టుంది.

"అందులో 4 జీబీ ఉంది కదమ్మా" అన్నాడు వాడు. చాలామంది మోసపోయేది ఇక్కడే. జీబీ అంటే కార్డు మీదున్న జ్ఞాపకం ఎంతో చెబుతుంది గాని, కార్డు బలం చెప్పదు. గిన్నె పెద్దదైనంత మాత్రాన మంట పెద్దదవుతుందా? కార్డు పేరూ, నంబరూ అడగండి. అదే కార్డు మీద మీ పిల్లలాడే ఆట ఎలా నడుస్తోందో యూట్యూబ్‌లో చూపించమనండి. కొత్త ఆటల కోసమైతే 8 జీబీకి తక్కువ కాకుండా చూసుకోవడం మంచిది.

ప్రాసెసర్ పేరు చివరనుండే అక్షరం కూడా చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్‌కి చివర 'ఎఫ్' ఉంటే దానిలో బొమ్మ చూపించే భాగం లేదని అర్థం. కాస్త చవక. కాని విడిగా కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. ఎ.ఎం.డి. రైజెన్ 5 5600జి, 8600జి లాంటి వాటిలో ఆ భాగం కాస్త బలంగానే ఉంటుంది. ఒకేసారి అంత డబ్బు లేనివాళ్లకు ఇదొక చక్కని దారి. ఈ ఏడాది అలాంటి ప్రాసెసర్‌తో చిన్న ఆటలు ఆడుకోవడం, వచ్చే ఏడు చిట్టీ వచ్చాక కార్డు చేర్చుకోవడం. అప్పు చెయ్యడం కన్నా ఇది మేలు, ఏమంటారు?

మదర్‌బోర్డు ప్రాసెసర్‌కి సరిపడాలి. ఒక కంపెనీ కుక్కరు రబ్బరు ఇంకో కంపెనీ మూతకి పట్టనట్టే ఇదీనూ. ఎ.ఎం.డి.లో 2016లో వచ్చిన ఎ.ఎం.4 రకానికి డి.డి.ఆర్.4 ర్యామ్, 2022లో వచ్చిన ఎ.ఎం.5 రకానికి డి.డి.ఆర్.5 ర్యామ్ కావాలి. ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో దిగదు. పాతరకం చవకగా దొరకవచ్చు. కొత్తరకమైతే నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకునే వీలుంటుంది.

ర్యామ్ 16 జీబీ చాలు. అయితే 16ది ఒకటి కాకుండా 8వి రెండు వేయించండి. రెండు పొయ్యిల మీద వంట సాగినట్టు పని వేగంగా సాగుతుంది. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు ఉల్లిపాయల ధరల్లా ఎగబాకాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లు మెమరీ చిప్పులు ఎక్కువగా కొనెయ్యడమే కారణం. అందుకని నెల కిందటి కొటేషన్ నమ్ముకోకండి, కొనేరోజు ధర అడగండి. ఎస్.ఎస్.డి. విషయానికొస్తే, కొన్ని ఆటలు ఒక్కొక్కటే 100 జీబీ దాటుతాయి. 500 జీబీలో అలాంటివి నాలుగు పట్టేసరికి అలమర నిండిపోతుంది.

ఇక మా వదిన కొంప ముంచిన ఎస్.ఎం.పి.ఎస్. దగ్గరికి వద్దాం. ఆటల వేగం దీనివల్ల పెరగదు, పైకి కనిపించదు. అందుకే దుకాణంవాళ్లు మొదట కోత పెట్టేది దీనిమీదే. మా కొటేషన్లో కూడా "450 వాట్స్ - 1" అని మాత్రమే రాసి ఉంది, కంపెనీ పేరు లేదు. కందిపప్పు ఏ రకమో చెప్పకుండా "పప్పు - 1" అని రాసినట్టు! లెక్క తేలికే. మేము చూసిన ఆర్.ఎక్స్. 6600 కార్డు 132 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసర్‌కి ఓ 80, మిగతావాటికి ఓ 50. అంతా కలిపి 260 దాకా వచ్చింది. దానికి రెట్టింపు, అంటే 500 నుంచి 550 వాట్లది పెడితే అది ఆయాసపడదు. పేరున్న కంపెనీదీ, '80 ప్లస్' గుర్తు ఉన్నదీ అడగండి. క్యాబినెట్‌తో ఉచితంగా ఇస్తామన్నది మాత్రం వద్దనండి. రంగుదీపాలు మానుకుంటే ఈ డబ్బు అక్కడే దొరుకుతుంది.

క్యాబినెట్‌కి అందం కన్నా గాలి ముఖ్యం. ముందు అద్దం పలక కాకుండా జాలీ ఉండాలి. జాలీ వెనక తీసి కడుక్కునే దుమ్ము వడపోత ఉండాలి. ఉప్పల్-నారపల్లి పైవంతెన పనులు 2018లో మొదలైనప్పటి నుంచి ఆ దుమ్ము సంగతి నేను మీకు వేరే చెప్పాలా! నెలకోసారి వడపోత కడగండి. పెట్టెను గోడకు ఆనించకుండా జానెడు దూరంలో పెట్టండి. మే నెల ఎండల్లో ఇది మరీ అవసరం.

కరెంటు బిల్లు సంగతి మరచిపోకండి. ఆడుతున్నప్పుడు అంతా కలిపి 300 వాట్లు అనుకుంటే, రోజుకి మూడు గంటల చొప్పున నెలకి 27 యూనిట్లు. 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. మీ వాడకం 180 దగ్గరుంటే ఈ 27తో గీత దాటుతుంది, ఆ నెల బిల్లు చేతికొస్తుంది. మీటరు చూసి ఆట గంటలు ముందే మాట్లాడుకుంటే తర్వాత రభస ఉండదు.

పాత సామాను చవక కదా అంటారా? జాగ్రత్తగా కొంటే తప్పులేదు. అయితే ఆఫీసులు వదిలేసిన పాత కంప్యూటర్లు కొనేముందు విండోస్ 11 ఎక్కుతుందో లేదో అడగండి. విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువి కొత్తదానికి పనికిరావు. పాత గ్రాఫిక్స్ కార్డయితే, రాత్రింబవళ్లు క్రిప్టో నాణేల కోసం నడిపినది కావచ్చు. మీ కళ్లముందు అరగంట ఆట ఆడించి చూశాకే డబ్బివ్వండి. ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం ఎప్పుడూ కొత్తదే.

కొనడానికి మేము ఉప్పల్లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. ఒకే చీటీ పట్టుకుని మూడు దుకాణాల్లో ధర అడిగాం. ఆన్‌లైన్ ధర కూడా ఫోనులో చూశాం. చీటీలో ప్రతి వస్తువుకీ కంపెనీ, మోడల్ నంబరు రాసుకున్నాం. ఒకాయన "బిల్లు లేకుంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందమ్మా" అన్నాడు. నాకు వదిన ముఖం గుర్తొచ్చింది. "బిల్లుతోనే ఇవ్వండి" అన్నాను. బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరూ వేయించుకున్నాను. అట్టపెట్టెలు కూడా పారెయ్యలేదు.

ఆదివారంనాడు మా వాడు భోజనాల బల్ల మీద అన్నీ పరుచుకుని బిగించడం మొదలుపెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. దూరంగా పేపరు చదువుతున్న మావారు కాసేపటికి లేచొచ్చి, "ఆ మర మరీ బిగించకురా, పలక విరుగుతుంది" అన్నారు. తర్వాత ఆయనే స్క్రూడ్రైవర్ అందుకున్నారు. సాయంత్రం తెర వెలిగేసరికి తండ్రీకొడుకులు ఒక్క కంచంలో పకోడీలు తింటున్నారు. ఇద్దరూ కలిసి కూర్చుని ఆ మాత్రం మాట్లాడుకుని ఎన్ని నెలలైందో!

కాబట్టి చెల్లెమ్మలూ, అక్కయ్యలూ! ఈసారి మీ పిల్లలు కొటేషన్ తెస్తే కోప్పడి విసిరెయ్యకండి, కళ్లు మూసుకుని సంతకమూ పెట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని "ఇందులో కార్డు వంతు ఎంత? ఎస్.ఎం.పి.ఎస్. ఏ కంపెనీది? బిల్లు ఇస్తారా?" అని మూడే మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు రాని కొటేషన్ని వెనక్కి పంపండి.

ఉంటాను మరి, సెలవు.