అడ్వాన్స్ కట్టాక సరుకు రాకపోతే

హార్డ్‌వేర్ షాపులో గొడవ వచ్చేది ఎక్కువగా షాపులో లేని సరుకు గురించే. మేకులు, పైపులు, తాళాలు, రంగు డబ్బాలు చేతికిచ్చి డబ్బు తీసుకుంటే లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది. ఆర్డర్ మీద తెప్పించే సరుకు సంగతి వేరు. కొనేవాళ్లు ముందు డబ్బు కడతారు, అమ్మేవాళ్లు తర్వాత ఎప్పుడో సరుకు ఇస్తారు. ఈ రెండింటి నడుమ గడిచే రోజుల్లోనే తగాదా మొదలవుతుంది.

సూర్యాపేట జిల్లా చిలుకూరు మండలాన్నే తీసుకుంటే, చిన్నాచితకా సామాను ఊళ్లో దొరికినా ఇంటికి కావలసిన కిటికీలు, టైల్స్, బోరు మోటార్ల కోసం జనం కోదాడకో హుజూర్‌నగర్‌కో పోతారు. సిమెంటుకు మాత్రం ఈ ప్రాంతంలో ఎదురుచూపులు తక్కువ. సున్నపురాయి నిక్షేపాలున్న మేళ్లచెరువు, మఠంపల్లి మండలాల్లోనే ఫ్యాక్టరీలు ఉన్నాయి. టైల్స్ చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి రావాలి. మోటార్లు, పంపుసెట్లకు కోయంబత్తూరు పేరున్న ఊరు. కొలతలకు చేయించే యూపీవీసీ కిటికీలైతే కొలత తీసుకున్నాకే తయారీ మొదలవుతుంది. షాపు వెనుక డిస్ట్రిబ్యూటర్, అతని వెనుక కంపెనీ డిపో, ఆ వెనుక ఫ్యాక్టరీ ఉంటాయి. ఎక్కడ ఒక లోడు ఆగినా ‘రేపు వస్తుంది’ అని చెప్పాల్సి వచ్చేది కౌంటర్ దగ్గరున్న మనిషే.

ఆలస్యానికి దూరం ఒక్కటే కారణం కాదు. చిన్న షాపులో అడ్వాన్సు గల్లాపెట్టెలో అలాగే ఉండిపోదు. పల్లెల్లో హార్డ్‌వేర్ వ్యాపారం సగం ఉద్దెర మీదే నడుస్తుంది. వడ్లు అమ్మి డబ్బు చేతికొచ్చాకే రైతు పాత బాకీ కడతాడు. ఈలోగా డిస్ట్రిబ్యూటర్ తన పాత లెక్క తేలితే గానీ కొత్త లోడు వదలడు. అందుకని ఈరోజు ఒకరు కిటికీల కోసం కట్టిన ఇరవై వేలు నిన్న ఇంకొకరికి ఇచ్చిన మోటారు బాకీ కింద పోతాయి. ఆ కిటికీల సొమ్మును రేపు వచ్చే మరో ఆర్డర్ అడ్వాన్సు సర్దాలి. అన్నీ సజావుగా సాగినంతకాలం ఈ సర్దుబాటు ఎవరికీ కనబడదు. ఆర్డర్ రద్దు చేసి డబ్బు వాపసు అడిగిన రోజున మాత్రం ఆ డబ్బు షాపులో ఉండదు. దుకాణదారుకు మోసం చేసే ఆలోచన లేకపోయినా ‘వారం ఆగండి, సర్దుతా’ అనే మాట అక్కడి నుంచే వస్తుంది. వాపసు తగాదాలు అంత సాగడానికి అసలు కారణం ఇదే. పరాయి సొమ్మును పెట్టుబడిగా తిప్పుకునే ఈ అలవాటు మంచిది కాదు. అది మానకుండా ఎంత మర్యాదగా మాట్లాడినా గొడవ తీరదు.

రెండో కారణం కాగితం. అడ్వాన్సు కట్టినవారి చేతికి సాధారణంగా వచ్చేది ఒక తెల్ల చీటీ. పైన ‘ఎస్టిమేట్’ అని ఉంటుంది, ఒక్కోసారి షాపు పేరు కూడా ఉండదు. కింద ‘కిటికీలు 4, 5 బై 4, అడ్వాన్స్ 20,000’ అని బాల్‌పెన్‌తో రాసిన ఒక వరుస, తేదీ ఉంటాయి. ఏ కంపెనీ సెక్షనో, అద్దం మందం ఎంతో, దోమల జాలీ ఉందో లేదో రాయరు. ట్రాలీ ఆటో కిరాయి, బిగింపు కూలి ఎవరివో రాయరు. అన్నిటికంటే ముఖ్యంగా ఏ తేదీకి ఇస్తారో, ఇవ్వకపోతే ఏం చేస్తారో అందులో ఉండదు. నెల తర్వాత ఇద్దరూ ఆ చీటీనే ముందు పెట్టుకుని వాదించుకుంటారు. ‘పదిహేను రోజులన్నారు’ అని ఒకరు, ‘కొలతలు ఖాయం చేశాక పదిహేను రోజులన్నాం’ అని ఇంకొకరు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

నిజానికి ఈ చీటీ స్థానంలో ఉండవలసిన కాగితాలను జీఎస్టీ చట్టమే నిర్దేశించింది. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి అడ్వాన్సు తీసుకుంటే 31వ సెక్షన్ ప్రకారం రిసీట్ వోచర్ ఇవ్వాలి. సరుకు ఇవ్వకుండా ఆ ఆర్డర్ రద్దయితే, ఇన్‌వాయిస్ కూడా వేయకపోతే రిఫండ్ వోచర్ ఇవ్వవచ్చు. ఇన్‌వాయిస్ వేశాక సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోట్ రాస్తారు. కొనేవాళ్లు వీటి పేర్లు తెలుసుకుని అడిగితే తర్వాత సగం వాదన ఉండదు. పక్కా బిల్లు తీసుకుంటే పన్ను పడుతుందని కచ్చా చీటీతో సరిపెట్టుకోవడం వల్ల మిగిలే కొద్ది డబ్బుకు, సరుకు రానప్పుడు పోయే రుజువుకు పోలికే లేదు.

గడువు గురించి చట్టం చెప్పేది అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. తేదీ అనుకోకపోతే 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం అమ్మేవాడు ‘సముచిత సమయం’లో సరుకు పంపాలి. ఎంత కాలం సముచితమో సరుకును బట్టి, పరిస్థితిని బట్టి తేలుతుంది. తేదీ అనుకుని, ఆ తేదీయే ప్రధానమని ఇద్దరికీ తెలిసి ఉంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ వర్తిస్తుంది. గృహప్రవేశం ఫలానా రోజని చెప్పి టైల్స్‌కు అడ్వాన్సు కట్టడం ఇలాంటిదే. గడువు దాటితే కొనేవాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. తేదీ ప్రధానం కాని చోట ఆలస్యమైందని రద్దు చేయడం కుదరదు గానీ జరిగిన నష్టం అడగవచ్చు. ఇదే సెక్షన్‌లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. తేదీయే ప్రధానమైన ఒప్పందంలో గడువు దాటాక వచ్చిన సరుకును మారు మాట్లాడకుండా దింపుకుంటే, ఆ ఆలస్యానికి నష్టపరిహారం అడిగే వీలు పోతుంది. దింపుకునేటప్పుడే ‘ఆలస్యానికి పరిహారం అడుగుతాం’ అని డెలివరీ కాగితం మీద రాయాలి, కనీసం వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాలి.

ఆలస్యం ఎవరి తప్పూ కాని సందర్భాలూ ఉంటాయి. 2024 సెప్టెంబర్ 1న కోదాడ ప్రాంతాన్ని వరద ముంచెత్తింది. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది, హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ రోజుల్లో లోడు రాలేదంటే షాపును తప్పుపట్టలేం. కానీ వరద సాకు దారి తెరుచుకునే వరకే చెల్లుతుంది. పైగా సరుకు ఇవ్వలేకపోవడానికి ప్రకృతి కారణమైనా, ఇవ్వని సరుకు తాలూకు డబ్బు దగ్గర పెట్టుకునే హక్కు దానివల్ల రాదు.

వాపసు విషయంలో అన్ని కేసులూ ఒకటి కావు. ఇవ్వాల్సిన సరుకు ఇవ్వకపోతే కట్టిన డబ్బు మొత్తం తిరిగివ్వాలి, ఇందులో వాదనకు తావు లేదు. సరుకులో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా ఉంది. బిల్లులో రాసిన గడువులోగా, అలా రాయకపోతే 30 రోజుల్లోగా సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు అడుగున అచ్చేసిన వాక్యం లోపం ఉన్న సరుకుకు రక్షణ ఇవ్వదు.

మూడో రకంలో దుకాణదారు వైపు కూడా న్యాయం ఉంది. సరుకు బాగానే ఉంది, వేళకే వచ్చింది, కొన్నవారి మనసే మారింది. షాపులో కొన్న సరుకును ఊరికే తిప్పి పంపే హక్కు చట్టంలో లేదు. మెషీన్‌లో కలిపించిన రంగు, కొలతకు కోయించిన రేకు, ఒకరి గోడకు సరిపడేలా చేసిన కిటికీ ఇంకొకరు కొనరు. అయితే ఆర్డర్ రద్దు చేసుకున్నారని మొత్తం అడ్వాన్సు మింగేయడమూ కుదరదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ సముచితమైన పరిహారాన్నే అనుమతిస్తుంది. ఇంకా తయారీకే పోని కిటికీకి ఇరవై వేలూ పట్టుకోవడం సముచితం అనిపించుకోదు. మిగిలిన టైల్స్ పెట్టెలు, పైపులు వెనక్కి తీసుకోవడం షాపు ఇష్టం మీద నడిచే ఆనవాయితీ. టైల్స్ మిగిలితే ఇబ్బంది చిన్నది, తక్కువ పడితే పెద్దది. బ్యాచ్ మారితే షేడ్ కలవదు కాబట్టి మళ్లీ తెప్పించినవి పక్కపక్కన వేస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆలస్యమైన ఆర్డర్‌లో రేటు మారితే ఇంకో పేచీ. ఆర్డర్ కాగితంలో రేటు ఖాయం చేసి ఉంటే పెరిగిన ధర షాపు భరించాలి. ‘డెలివరీ నాటి రేటు’ అని రాసుకుని ఉంటే కొనేవాళ్లు భరించాలి. ఇనుము కొనేటప్పుడు ఈ ఒక్క మాట తప్పక చూసుకోవాలి. పన్ను రేటు మారడం వేరు సంగతి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. డబ్బు ముందే కట్టినా, ఇన్‌వాయిస్, సరుకు రెండూ ఆ తేదీ తర్వాతే అయితే వర్తించేది కొత్త రేటే.

ఆన్‌లైన్‌లో తెప్పించే పనిముట్లు, కుళాయిలు, తాళాలకు 2020 ఈ–కామర్స్ నిబంధనలు అదనంగా వర్తిస్తాయి. చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకును వెనక్కి తీసుకోబోమని, డబ్బు ఇవ్వబోమని అమ్మకందారు అనకూడదు. అనివార్య విపత్తు వల్ల జరిగిన ఆలస్యానికే మినహాయింపు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. షాపులో ఫోన్‌పే లాంటివాటితో కట్టినప్పుడు ఖాతాలో డబ్బు తెగి, షాపుకు చేరినట్టు రాకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా అది వెనక్కి పడాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019లో ఆదేశించింది. వాపసు ఇస్తామంటూ ఎవరైనా ఫోన్ చేసి యూపీఐ పిన్ కొట్టమంటే అది మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అలా పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఫిర్యాదుకు వెళ్లే ముందు తేలాల్సింది కొన్నవారు ‘వినియోగదారు’ అవునా కాదా అన్నది. మొత్తం డబ్బు కట్టనక్కర్లేదు, కొంత కట్టినా, కడతామని ఒప్పుకున్నా చాలు. కానీ తిరిగి అమ్మడానికో, వాణిజ్య అవసరానికో కొన్నవారు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రారు. మహారాష్ట్రలోని లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కోయంబత్తూరు పీఎస్‌జీ ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి తెప్పించుకున్న యంత్రం ఆలస్యంగా వచ్చిందని, లోపాలున్నాయని వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది వాణిజ్య అవసరానికి కొన్నదని 1995లో కోర్టు తేల్చింది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్న పనిముట్టు మాత్రం ఈ మినహాయింపులో పడదని కూడా వివరించింది. అంటే తన పనికి డ్రిల్లింగ్ మెషీన్ కొనుక్కున్న ప్లంబరుకు వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది, అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మే బిల్డరుకు ఉండదు. రైతుల గురించి సందేహం అక్కర్లేదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కు, ఆంధ్రప్రదేశ్ రైతులకు మధ్య నడిచిన విత్తనాల కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతులు వినియోగదారులేనని చెప్పింది. నాట్ల వేళకు బోరు మోటారు అందక నష్టపోయిన రైతుకు ఆ తీర్పు అండగా నిలుస్తుంది.

మొదట షాపుకు రాతపూర్వకంగా గడువు పెట్టి అడగాలి. స్పీడ్ పోస్టులో పంపిన ఒక పేజీ చాలు. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అది తీర్పు ఇవ్వదు, వ్యాపారితో మాట్లాడి ఒప్పించే ప్రయత్నం చేస్తుంది. అదీ ఫలించకపోతే సూర్యాపేట జిల్లావారు వెళ్లాల్సింది నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. కట్టిన డబ్బు 50 లక్షల దాకా ఉంటే అక్కడే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. షాపు కోదాడలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా కొన్నవారు నివసించే చోటే కేసు వేసే వీలును 2019 చట్టం కల్పించింది. ఈ–జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచి కూడా దాఖలు చేయవచ్చు. తగాదాకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. ‘రేపు, ఎల్లుండి’ అంటూ తిప్పించుకునే షాపు వెనక తిరిగేవారు ఈ లెక్క గుర్తు పెట్టుకోవాలి.

నోటీసు అందాక షాపు 30 రోజుల్లో జవాబివ్వాలి, మరో 15 రోజులు మాత్రమే పెంచవచ్చు. రాజీకి అవకాశం ఉందనిపిస్తే ఇరువర్గాల సమ్మతితో కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపుతుంది. చిన్న ఊళ్లలో మళ్లీ ఆ షాపు మెట్లే ఎక్కాల్సినవారికి ఇది మేలైన దారి. సరుకును పరీక్షకు పంపనక్కర్లేని కేసును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఓడినవారు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, కానీ కట్టమన్న మొత్తంలో సగం ముందు జమచేయాలి. అప్పీలూ చేయక, డబ్బూ కట్టకపోతే సివిల్ కోర్టు డిక్రీలాగే ఆ ఉత్తర్వును అమలు చేయించవచ్చు. నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, 25 వేలకు తగ్గకుండా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధించే అధికారం కమిషన్‌కు ఉంది.