తీసేశాం సరే, ఎక్కడికి పోయింది?

వాటర్ టెక్నాలజీలో పీజీ చేస్తున్నానని చెప్పగానే మన కాలేజీ జూనియర్ల నుంచి మూడు ప్రశ్నలు వస్తాయి. "అంటే వాటర్ ప్లాంటు పెడతావా అన్నా?" అనేది మొదటిది. ఇరవై లీటర్ల డబ్బాలు ఆటోలో వేసుకుని నేను వీధులు తిరుగుతున్నట్టు వాళ్లకు కనిపిస్తుంది కాబోలు. "సివిల్ వాళ్లకేనా, మాకూ సీటొస్తుందా?" అనేది రెండోది. "సాఫ్ట్‌వేర్ ఆఫర్ చేతిలో పెట్టుకుని మళ్లీ రెండేళ్ల చదువు అవసరమా?" అనేది మూడోది. ఈ మూడో ప్రశ్న మా నాన్న కూడా అడిగారు. మన పత్రికకు ఏదైనా రాయమని క్లబ్ వాళ్లు అడిగారు కాబట్టి మూడింటికీ ఇక్కడే జవాబు చెబుతాను. కాకపోతే సిలబస్ కన్నా ముందు ఒక బోరు గురించి చెప్పాలి. అది అర్థమైతే ఈ చదువు ఏమిటో సగం అర్థమైనట్టే.

ఒక బోరు, నాలుగు పరిష్కారాలు

మా అమ్మమ్మ వాళ్ల ఊరు నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు. ఆ పక్క నీళ్లంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో కనిపించిన ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్యులు రాశారు. పళ్ల మీద గోధుమ రంగు చారలతో మొదలై, కీళ్లు బిగుసుకుపోయి, కాళ్లు వంకర పోయేదాకా వెళ్లే జబ్బు అది. ఒకసారి వంగిన ఎముకను మందులతో సరిచేయడం కుదరదు. అందుకని చేయాల్సిందేదో నీళ్ల దగ్గరే చేయాలి.

ఈ ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీ నుంచో వచ్చింది కాదు, కింద రాతిలోనే ఉంది. గ్రానైట్‌లో ఉండే ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల నుంచి అది కొంచెం కొంచెంగా నీళ్లలో కరుగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దింపేస్తుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువైన చోట ఆ అవకాశం ఉండదు, ఫ్లోరైడ్ నీళ్లలోనే మిగిలిపోతుంది.

లెక్క కోసం, ఒక ఊరి బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. తాగునీటి భారతీయ ప్రమాణం, అంటే 2012 నాటి ఐఎస్ 10500, లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దంటుంది. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చంటుంది. మరి ఏం చేద్దాం?

మొదటి దారికి మన జిల్లా పేరే ఉంది: నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని రూపొందించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేరనిచ్చి, వడకట్టడమే. కరెంటు లేకపోయినా బకెట్లో కూడా చేసుకోవచ్చు. పటిక నుంచి పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తటి తునకలుగా మారి, ఫ్లోరైడ్‌ను తనతో పాటు కిందికి లాక్కెళ్తుంది. పైన తేట నీళ్లు, అడుగున బురద. మన 4 మిల్లీగ్రాముల్లో పోయినదంతా ఇప్పుడు ఆ బురదలో ఉంది. దాన్ని బోరు పక్కనే గోతిలో పోస్తే వానాకాలంలో ఏమవుతుందో ఊహించండి.

రెండో దారి యాక్టివేటెడ్ అల్యూమినా. తెల్లటి గింజల గుండా నీళ్లు పోతుంటే ఫ్లోరైడ్ వాటికి అంటుకుంటుంది. కొన్నాళ్లకు గింజలకు ఇక పట్టుకునే చోటు ఉండదు. అప్పుడు కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ వాడతారు. కడిగిన ద్రావణంలో ఇన్నాళ్ల ఫ్లోరైడ్ అంతా చిక్కగా పోగుపడి ఉంటుంది.

మూడోది మనందరికీ తెలిసిన ఆర్‌ఓ. 100 లీటర్ల బోరు నీళ్లు పోస్తే 25 లీటర్ల మంచినీళ్లు వచ్చాయనుకుందాం. చిన్న యంత్రాలలో ఇది మామూలే. లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్ 400 మిల్లీగ్రాములు. మంచినీళ్లలో లీటరుకు 0.4 చొప్పున 10 మిల్లీగ్రాములు పోయింది. మిగతా 390 మిల్లీగ్రాములు 75 లీటర్ల రిజెక్ట్ నీళ్లలోకి చేరాయి. అంటే లీటరుకు 5.2. బోరులో ఉన్నదానికన్నా ఎక్కువ! మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక ఆర్‌ఓ ప్లాంటు వెనక ఈ నీళ్లు చిన్న కాలువగా పారేవి. గేదెలు అక్కడే తాగేవి. ఆ ప్లాంటు నడిపే పెద్దాయన్ని అడిగితే, "మరి ఎక్కడ పోయమంటావు బాబూ?" అన్నాడు. ఆ ప్రశ్నకు బీటెక్‌లో నేను చదివిన పుస్తకాల్లో జవాబు లేదు. వాటిలో బొమ్మ 'రిజెక్ట్' అని రాసిన బాణం దగ్గర ఆగిపోతుంది.

నాలుగో దారి, బోరును వదిలేసి నది నీళ్లు తేవడం. తెలంగాణలో మిషన్ భగీరథ చేసింది అదే. కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధి చేసి పైపుల్లో ఊళ్లకు పంపుతున్నారు. తాగునీటి వరకు ఇది అన్నిటికన్నా గట్టి దారి. బురదా లేదు, ఆ రిజెక్ట్ కాలువా లేదు. అయితే బోరు కింద ఫ్లోరైడ్ ఉన్నచోటే ఉంది. పైపు వచ్చినా పొలాలకు ఆ బోరు నీళ్లే పారుతున్నాయి.

జమాఖర్చుల చదువు

ఈ నాలుగు పరిష్కారాల్లో దేన్నీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక్కోదానికీ తగిన చోటు ఉంది. కానీ 'తీసేశాం' అనే మాట విన్న ప్రతిసారీ 'ఎక్కడికి పోయింది?' అని అడగడం, దానికి అంకెలతో జవాబు రాబట్టడం: పీజీలో నేర్పేది ముఖ్యంగా ఇదే. దీన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు. మన ఇళ్లల్లో జమాఖర్చుల పద్దు లాంటిదే. వచ్చింది ఇంత, పోయింది ఇంత, లోపల మారింది ఇంత, మిగిలింది ఇంత. పద్దు కుదరలేదంటే ఎక్కడో ఏదో మన కంటపడలేదన్నమాట.

కొన్నిసార్లు కంటపడనిది మన పరీక్షలోనే ఉంటుంది. ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ నీళ్లలో విడిగా తిరిగే ఫ్లోరైడ్‌నే చూస్తుంది. పటికతో శుద్ధి చేసిన నీళ్లలో కొంత ఫ్లోరైడ్ అల్యూమినియంతో జతకట్టి కరిగే ఉంటుంది. నేరుగా ఎలక్ట్రోడ్ ముంచితే అంకె బ్రహ్మాండంగా తగ్గి కనిపిస్తుంది! అందుకే ముందుగా టీసాబ్ అనే బఫర్ కలుపుతాం. అది ఆ జతను విడదీస్తుంది, పీహెచ్‌ను కూడా కుదురుగా ఉంచుతుంది. అప్పుడు గానీ అసలు అంకె బయటపడదు. మొదటి సెమిస్టర్ ల్యాబులో ఇది చూశాక, ఏ రిపోర్టు చేతికొచ్చినా ఎలా కొలిచారన్నదే ముందు అడుగుతున్నాను.

మురుగునీటి పాఠాల్లోనూ ఇదే ప్రశ్న. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ప్రపంచానికి చెప్పిన యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతే ఇప్పటికీ చాలా ఎస్టీపీల్లో నడుస్తోంది. గాలి కొడితే సూక్ష్మజీవులు మురికిని తింటాయి. తిన్నదాంట్లో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది, కొంత వాటి ఒంటిగా మారి బురదవుతుంది. అమ్మోనియా పోయిందని సంబరపడితే, అది నైట్రేట్‌గా వేషం మార్చి నీళ్లలోనే ఉంటుంది. గాలి లేని తొట్టిలో ఇంకోరకం సూక్ష్మజీవుల చేత దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్పిస్తేనే నీళ్లను వదిలి వెళ్తుంది. ఫాస్ఫరస్‌కు ఆ వీలు కూడా లేదు. అది బురదలోకైనా పోవాలి, లేదా నీళ్లతో పాటు చెరువులోకైనా పోవాలి. చెరువులోకి పోతే ఏమవుతుందో తెలియాలంటే, మురుగు కలిసే ఏ చెరువు గట్టు మీదైనా నిలబడి గుర్రపుడెక్కను చూడండి.

ఇంకా తమాషా ఏమిటంటే, మురికి ఎంత ఉందో కొలిచే సీఓడీ పరీక్షకు క్రోమియం, వెండి, పాదరసం ఉన్న రసాయనాలు వాడతాం. కాబట్టి మా ల్యాబులో పరీక్ష అయ్యాక మిగిలినదాన్ని సింకులో పోయడం కుదరదు. దాని డబ్బా వేరు, దాని పద్దు వేరు.

గీత ఎక్కడ గీస్తావు?

పద్దు రాయాలంటే ముందు హద్దు గీయాలి. ఎవరింటి జమాఖర్చు ఇది? కాలువకు సిమెంటు లైనింగ్ వేస్తే ఇంకిపోయే నీళ్లు ఆదా అవుతాయంటాం. కాలువ చుట్టూ గీత గీస్తే అది నిజమే. ఆ గీతను కాస్త జరిపి, పక్క పొలంలో బావిని కూడా లోపలికి తెస్తే ఆ లెక్క మారిపోతుంది. బావిలో ఊరే నీళ్లు ఆ కాలువ నుంచి ఇంకినవే. ఆదా అన్నది ఒకరి బావిలోంచి ఇంకొకరి మడిలోకి మారిన నీళ్లేమో చూసుకోవాలి.

ఏ స్పెషలైజేషన్ తీసుకోవాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే: మీ గీత ఎంత పెద్దది? బీకరు చుట్టూ గీసుకుని లోపల ఏం జరుగుతోందో చూడాలనుంటే నీటి రసాయనం, మెంబ్రేన్లు, అడ్సార్ప్షన్ మీవి. కెమికల్, బయోటెక్ వాళ్లు ఇక్కడ సుఖంగా ఇమిడిపోతారు. ప్లాంటు చుట్టూ గీసుకుంటే ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్. మొత్తం నదీ పరీవాహకం చుట్టూ గీసుకుంటే హైడ్రాలజీ, వాటర్ రిసోర్సెస్. ఐఐటీ రూర్కీలో వీటికి విడివిడి విభాగాలే ఉన్నాయి: నీటి వనరుల విభాగం 1955 నుంచి, హైడ్రాలజీ విభాగం 1972 నుంచి. మనకు దగ్గర్లో ఎన్‌ఐటీ వరంగల్, ఐఐటీ మద్రాస్, జేఎన్‌టీయూ హైదరాబాద్ లాంటి చోట్ల కూడా నీటి మీద పీజీ కోర్సులున్నాయి.

సీటు సంగతి. సివిల్ వాళ్లకు గేట్‌లో సివిల్ పేపరుంది. 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ పేపరు విడిగా వచ్చింది. కెమికల్, అగ్రికల్చర్, బయోటెక్ బ్రాంచీలను ఏ కోర్సుకు తీసుకుంటారన్నది ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి, బ్రోచర్ చూడాల్సిందే. గేట్ రాకపోతే రాష్ట్రాల పీజీఈసెట్ ఉంది. గేట్ స్కోరుతో ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కోర్సులో చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది.

కోర్సు నాలుగు సెమిస్టర్లు. మొదటి రెండిట్లో పాఠాలు, ల్యాబులు. బీటెక్‌లో సెడిమెంటేషన్ ట్యాంకు డిజైన్ చేయమంటే ఒక అంకె ఇచ్చేవారు, మనం ఫార్ములాలో వేసేవాళ్లం. ఇక్కడ ఒక డబ్బా మురికి నీళ్లు ఇచ్చి, ఆ అంకె మీరే కనుక్కోండంటారు. జార్ టెస్ట్‌లో ఆరు బీకర్లు పెట్టి, పటిక మోతాదు మారుస్తూ సాయంత్రం దాకా కూర్చోవాలి. చివరి రెండు సెమిస్టర్లు థీసిస్. నాది ఆ పటిక బురద మీదే. దాన్ని ఇటుకల మట్టిలో కలిపి కాలిస్తే, తర్వాత వానకు తడిసినా ఫ్లోరైడ్ లోపలే ఉంటుందా, మళ్లీ బయటికొస్తుందా అన్నది ప్రశ్న. ఇటుక ముక్కల్ని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను రోజూ కొలుస్తున్నాను.

నాన్న అడిగిన ప్రశ్న

ఇక ఆ మూడో ప్రశ్న. దాచడమెందుకు, మొదటి జీతం చూస్తే సాఫ్ట్‌వేర్ ముందు ఇది చిన్నదే. ఎస్టీపీ, ఈటీపీ కట్టే కంపెనీలు, కన్సల్టెన్సీలు, కాలుష్య నియంత్రణ మండళ్లు, గ్రామీణ నీటి సరఫరా శాఖలు, పరిశోధన సంస్థలు: ఉద్యోగాలు ఇలాంటి చోట్ల ఉంటాయి. ప్రభుత్వ పోస్టులైతే నోటిఫికేషన్ కోసం కాచుకోవాలి. ఫీల్డ్ ఉద్యోగమైతే మురుగు వాసనకు ముక్కు అలవాటు పడాలి. వీటిలో ఏదైనా మీకు సరిపడదనిపిస్తే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేయండి, అందులో చిన్నతనమేమీ లేదు.

నాన్నతో మాత్రం నేను ఆ 390 మిల్లీగ్రాముల లెక్క చెప్పాను. కాగితం మీద వేసి చూపించాను. ఆయన కిరాణా కొట్టు పద్దులు రాసే మనిషి. ఒకటికి రెండుసార్లు కూడి చూసుకున్నారు. "వీళ్లు పద్దు సగమే రాస్తున్నారన్నమాట" అన్నారు. తర్వాత ఫీజు ఎంతని అడిగారు.

పెద్దాయన ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. రిజెక్ట్ నీళ్లను ఆరబెట్టే మడులు, వాటిని వేరే పనులకు వాడుకోవడం, అసలు రిజెక్టే తక్కువ వచ్చే మెంబ్రేన్లు, ఇలా చాలామంది చాలా వైపుల నుంచి పని చేస్తున్నారు. ప్రతిదానికీ ఖర్చుంది, స్థలం కావాలి, చూసుకునే మనిషి కావాలి. ఒక ఊరికి ఏది సరిపోతుందో తేల్చాలంటే ఆ ఊరి నీళ్లు, ఆ ఊరి రాయి, ఆ ఊరి పంచాయతీ డబ్బు అన్నీ ఒకే పద్దులోకి రావాలి. గేట్ పరీక్ష సాధారణంగా ఫిబ్రవరిలో ఉంటుంది. మీలో ఎవరికైనా ఆ పద్దు రాయాలనిపిస్తే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. పాత నోట్సు నా దగ్గరున్నాయి, హాస్టల్‌కొచ్చి పట్టుకెళ్లండి.