దూరాన కూర్చుని రాసిన మన ఊళ్ళు

మన దేశపు ఆడవాళ్ళు కొందరు పరాయి దేశాల్లో స్థిరపడి, ఇంగ్లీషులో నవలలు రాశారు, రాస్తున్నారు. వాటిలో మన వంటిళ్ళు, మన మగ్గాలు ఎట్లా కనిపిస్తాయో ఈ పూట చెప్పుకుందాం.

కమలా మార్కండేయ ఇంగ్లండులో ఉండి 1954లో ‘నెక్టార్ ఇన్ ఎ సీవ్’ రాసింది. రుక్మిణి అనే రైతు భార్య కథ. ఆ పల్లెకు పేరైనా లేదు.

అమూల్య మల్లాది రాసిన ‘ద మ్యాంగో సీజన్’ 2003లో వచ్చింది. అమెరికాలో ఉంటున్న ప్రియ, అక్కడి అబ్బాయిని పెళ్ళాడబోతున్న సంగతి ఇంట్లో దాచి, మామిడికాయల రోజుల్లో హైదరాబాదు వస్తుంది. కథ నడుమ నడుమ వంటలు చేసే విధానం కూడా ఉంటుంది. మనకు వంట ఎవరు చెప్పాలమ్మా అని నవ్వుకున్నాను. తరువాత తోచింది, అది మనకోసం చెప్పింది కాదు. పక్కింటావిడకైతే సగం మాట చాలు. ఊరుగానివాళ్ళకు ఉప్పూ కారం పాళ్ళతో సహా చెప్పాలి. అట్లా చెప్పేసరికి మన రోజువారీ బతుకు కాస్తా నుమాయిష్‌లో పెట్టిన బొమ్మలా అయిపోతుంది.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం శోభా రావు నవల ‘గర్ల్స్ బర్న్ బ్రైటర్’, 2018లో వచ్చింది. ఆమె ఏడేళ్ళప్పుడే అమెరికా వెళ్ళింది. ఇంద్రవల్లి అనే ఊళ్ళో తల్లిలేని పూర్ణిమ రాట్నం తిప్పుతుంది. వాళ్ళింటికి మగ్గం నేయడానికి వచ్చిన సవిత పెరుగన్నంలో అరటిపండు కలుపుకు తింటుంది. అది చదివి మన పిల్లే అనుకున్నాను. ఆ పైన వచ్చేవన్నీ ఘోరాలే. కన్నతండ్రితో మొదలుపెట్టి, ఎదురైన మగవాళ్ళంతా దాదాపు కర్కోటకులే.

అట్లాంటి ఘోరాలు జరగవని నేననను. కానీ మన పాత నల్గొండ జిల్లాలోనే, శారాజీపేటలో చింతకింది మల్లేశం ఉన్నాడు. ఆసు పోసీ పోసీ తల్లి లక్ష్మమ్మకు భుజం పడిపోతుంటే చూడలేక, ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసుయంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంద్రవల్లిలో అట్లాంటి కొడుకు ఒక్కడూ లేకపోయాడే అనిపించింది. సముద్రాల అవతల ఈ ఒక్క పుస్తకమే చదివినామె, మన నేతగాళ్ళ ఇళ్ళన్నీ అంతే అనుకోదూ?

మా ఇంటికి చీరలు తెచ్చే పోచంపల్లి అవ్వకు ఈ కథంతా చెప్పాను. పూర్ణిమ కోసం సవిత మొదలుపెట్టిన చీర దగ్గర ఆపింది నన్ను.

“ఆ చీర పూరా నేసిందా అమ్మా?”

లేదన్నాను.

“సగం చీర ఇడిసి పోయిందంటె ఆ పిల్ల ఎంత గోస పడ్డదో” అని, విప్పిన మూట మళ్ళీ కట్టుకుంది.